పోర్టు పట్టుడు వేరు, పనిచేసుడు వేరు

తమ్మీ,

హన్మకొండ స్టూడియోకు కట్టించుకునే సిస్టంలో ఒక ఎన్‌వీఎంఈ (బోర్డు మీదనే గుచ్చే వేగమైన ఎస్ఎస్‌డీ), ఒక సాటా ఎస్ఎస్‌డీ (కేబుల్‌తోని కట్టేది), మూడు హార్డ్‌డిస్కులు పెడతానని రాసినవు. ఏది ఎక్కడ పడితే అక్కడ గుచ్చకు. స్క్రూడ్రైవర్ పట్టేముందు మదర్‌బోర్డు మాన్యువల్ తెరిచి స్టోరేజ్ పేజీ చూడు. ఫలానా ఎం.2 స్లాటు (సన్నటి ఎస్ఎస్‌డీని నేరుగా గుచ్చే గాడి) వాడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయవని చిన్న అక్షరాలతో ఒక ముక్క ఉంటది. చాలా బోర్డుల మీద ఆ స్లాటుకు, ఆ పోర్టులకు లోపలి దారి ఒకటే. అది చదవక, కొత్త ఎస్ఎస్‌డీ పెట్టంగనే పెళ్లి వీడియోల డిస్కు చచ్చిపోయిందని గాబరా పడుతరు. డిస్కుకు ఏం కాలేదు, కేబుల్ తీసి ఒకటో రెండో నంబరు పోర్టుకు మార్చితే మళ్లా కనబడతది.

విండోస్ ఉండే ఎన్‌వీఎంఈకి ప్రాసెసర్ పక్కనున్న ఎం.2 స్లాటు ఇయ్యి. సాధారణంగా అది నేరుగా ప్రాసెసర్‌కు పోతది. మిగతా స్లాట్లు, సాటా, యూఎస్‌బీ, నెట్‌వర్క్ చాలావరకు చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్పు) గుండా ఒక్క దారిలోనే పోవాలె. రోజువారీ పనిలో ఆ తేడా పెద్దగా తెల్వదు గానీ, మంచి స్లాటు ఖాళీగ ఎందుకు పెట్టుకోవాలె? ఇక్కడ ఒక మెలిక ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ 500 సిరీస్ బోర్డు, 10వ తరం ప్రాసెసర్ జోడీ దొరికితే, ప్రాసెసర్‌కు పోయే ఆ మొదటి స్లాటు అసలే లేవదు. ఆ దారి 11వ తరం నుంచే వచ్చింది. స్లాటు పాడైందని దుకాణపాయనతోని కొట్లాడకు.

ఎం.2 ఆకారంలో సాటా రకం ఎస్ఎస్‌డీలు కూడా అమ్ముతరు. అంచుకు రెండు గాట్లుంటే ఎక్కువగా అదే. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాటులో అది చక్కగ కూసుంటది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) మాత్రం కనబడదు.

సాటా పోర్టుల సంగతి పాత బోర్డు అయితేనే ఆలోచించాలె. హెచ్81 చిప్‌సెట్‌కు నాలుగు పోర్టులుంటే రెండే 6 గిగాబిట్లవి, మిగతా రెండు 3 గిగాబిట్లవి. ఎస్ఎస్‌డీ 6 మీద సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతది, 3 మీద 280 దగ్గరనే ఆగుతది. హార్డ్‌డిస్కు ఎట్ల గుంజినా 250 దాటుడు కష్టం, కాబట్టి దానికి 3 చాలు. రంగును నమ్మకు, ఒక కంపెనీ తెల్లది పెడితే ఇంకొకటి నీలం పెడతది. పోర్టు పక్కన అచ్చేసిన పేరు చదువు. బోర్డు మీద విడిగ వేరే చిప్పుతోని ఇచ్చిన పోర్టులుంటే వాటికి విండోస్ డిస్కు కట్టకు, బూట్‌కు సతాయిస్తయి.

విండోస్ ఎక్కించేటప్పుడు ఆ ఒక్క డ్రైవే ఉంచి మిగతా కేబుళ్లు పీకెయ్యి. లేకుంటే బూట్ ఫైళ్లు పోయి పాత హార్డ్‌డిస్కు మీద కూసుంటయి. రేపు ఆ డిస్కు తీస్తే సిస్టం లేవదు. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి (సాటా డిస్కులతోని బోర్డు మాట్లాడే పద్ధతి) ముందే పెట్టు. విండోస్ ఎక్కినంక మార్చితే నీలం తెర వచ్చి ఆగుతది.

అన్నీ కట్టినంక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్కుల పరిస్థితి చూపే సాఫ్ట్‌వేర్ తెరువు. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర రెండంకెలుంటయి: ఎడమది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడిది డ్రైవు సత్తా. ఎస్ఎస్‌డీకి సాటా/300 | సాటా/600 అని కనబడితే తప్పు పోర్టులో ఉన్నట్టు. కిందనే సీ7 అనే వరుస చూడు, అది సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క, అంటే కేబుల్ దారిలో డేటా చెడిన సార్లు. పెరుగుతా ఉంటే డిస్కు మార్చకు, ముందు సాటా కేబుల్ మార్చు. లాక్ క్లిప్ ఉన్నదే కొను. పాత లెక్క తగ్గదు, కొత్తగ పెరగకుంటే చాలు.

ఎన్‌వీఎంఈ మీద హీట్‌సింక్ (వేడి గుంజే లోహపు పలక) బిగించేటప్పుడు దాని కింది మెత్తటి థర్మల్ ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర ఒలవాలె. చాలామంది మరిచిపోతరు. మే నెలలో మన వరంగల్ ఎండకు, గ్రాఫిక్స్ కార్డు కిందనే స్లాటుంటే, ఆ పొరతోని డ్రైవు వేడెక్కి పెద్ద ఫైలు కాపీ సగంలోనే నెమ్మదిస్తది.

ఒక్కటి మాత్రం జర గట్టిగ చెప్తున్న. ఎస్ఎంపీఎస్‌కు (సిస్టంకు కరెంటు ఇచ్చే డబ్బా) ఊడదీసే కేబుళ్లుంటే, దాని డబ్బాలో వచ్చినవే వాడు. వేరే ఎస్ఎంపీఎస్ కేబుల్ అట్లనే దూరుతది గానీ పిన్నుల వరుస వేరే ఉండొచ్చు, 5 వోల్టుల చోట 12 పోతే డిస్కులు అక్కడికక్కడే కాలిపోతయి. బిగించుడు అయినంక ఏ పోర్టుకు ఏ డిస్కు, సీరియల్ నంబరు చివరి నాలుగంకెలతో సహా, ఒక కాగితం మీద రాసి కేబినెట్ తలుపు లోపల అతికించు.