అలిపిరి మెట్ల దారిలో ఎత్తు ఎక్కడ ఎక్కువవుతుంది? అరవై దాటినవాళ్ళు ఎక్కగలరా?

మీ అమ్మగారికి అరవై దాటాయి, అలిపిరి నుంచి తీసుకెళ్ళాలా లేక దగ్గర కదా అని శ్రీవారి మెట్టు నుంచా అని అడిగారు. దగ్గర దారి అన్న మాట నమ్మి అటు మాత్రం తీసుకెళ్ళకండి. అక్కడ రెండు కిలోమీటర్ల చిల్లరలోనే 2388 మెట్లు, ఊపిరి పీల్చుకుందామంటే చదును పెద్దగా దొరకదు. అలిపిరి వైపు 3550 మెట్లున్నా 9 కిలోమీటర్ల పొడుగున పరుచుకుని ఉంటాయి, పెద్దవాళ్ళకి అదే నయం.

అందరూ మెట్లెన్ని అనే అడుగుతారు, ఆ లెక్కతో పనేంటండీ, ఎత్తు ఎక్కడ ఒక్కసారిగా లేస్తుందో తెలిస్తే చాలు. మొదట గాలిగోపురం దాకా, అంటే 2000 పైచిలుకు మెట్లు, ఎక్కుడే ఎక్కుడు. ఆ తర్వాత చాలా దూరం నడకే, జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి, ఘాట్ రోడ్డు పక్కన కాలిబాట, అయిపోయిందిలే అనిపిస్తుంది. అవ్వాచారి కోన దాటాక వస్తుంది మోకాళ్ళ పర్వతం. కాళ్ళు చల్లబడ్డాక ఎదురయ్యే నిటారు అది, అందుకే అంత కష్టం.

మా అమ్మ అక్కడే ఆగిపోయింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి "ఇంకెంత ఉందిరా" అంది, నేనేదో చెప్పేలోపు పక్కన మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక పెద్దావిడ "నిలువునా ఎక్కొద్దమ్మా, ఈ గోడ కాన్నించి ఆ గోడ కాడికి అడ్డంగా పోతా ఎక్కు" అంది. అమ్మ అలాగే ఏటవాలుగా నడుస్తూ, మెట్టుకో గోవిందా అంటూ, ఎక్కడా కూర్చోకుండా పైకొచ్చేసింది. ఏ డాక్టరూ చెప్పని సలహా అది, నడుం వంచి వంగి ఎక్కే ఆవిడకే తెలుస్తుంది.

రామానుజులవారు ఈ కొండని పాదాలతో తొక్కకూడదని ఇక్కడ మోకాళ్ళ మీద ఎక్కారని చెప్తారు. అన్నమయ్య చిన్నతనంలో అలసి నిద్రపోయిందీ ఈ మోకాళ్ళ ముడుపు దగ్గరే అంటారు. అలాంటి చోట కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని పరిగెత్తుతూ పెద్దవాళ్ళని తోసుకుంటూ పోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది, పైగా గంటన్నరలో ఎక్కేశాం ఈజీ అని పోస్టులు పెడతారు, అవి చూసి ఎంతమంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళని తొందరపెడుతున్నారో.

మీ అమ్మగారు ఎక్కగలరు. తెల్లవారుజామునే మొదలుపెట్టండి, గాలిగోపురం దాకా నెమ్మదిగా పోనివ్వండి, తర్వాత చదునులో మరీ ఎక్కువసేపు కూర్చోనివ్వకండి, కాళ్ళు పట్టేస్తాయి. బ్యాగులు అలిపిరిలో కౌంటర్లో ఇచ్చేస్తే డబ్బులేం తీసుకోకుండా కొండమీదకి వాళ్ళే చేరుస్తారు.