స్ట్రాస్‌బర్గ్‌లో ఆగని నాట్యం

ప్రశ్న: 1518లో, నేటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో వందల మంది రోజుల తరబడి ఆగకుండా నాట్యం చేశారనీ, పాడైన ధాన్యం తినడమే అందుకు కారణమనీ చదివాను. ఇది నిజంగా జరిగిందా? అంతమందికి ఒకేసారి మతి తప్పడం సాధ్యమేనా?

జవాబు: జరిగింది. నగర పాలకమండలి రాతల్లోనూ, ఆ కాలపు వృత్తాంతాల్లోనూ ఆధారాలున్నాయి. ఆ ఏడాది జూలైలో ఫ్రౌ ట్రోఫియా అనే స్త్రీ వీధిలోకి వచ్చి, ఏ సంగీతమూ లేకుండానే నాట్యం మొదలుపెట్టి, సొమ్మసిల్లి పడిపోయినా కాస్త తేరుకోగానే మళ్లీ లేచి ఆడుతూ రోజుల తరబడి కొనసాగింది. వారం తిరిగేసరికి మరో ముప్పై మందికి పైగా ఆమెతో చేరారు. నెల రోజుల్లో ఆ సంఖ్య దాదాపు 400కు చేరిందంటారు. రోజుకు 15 మంది చనిపోయారన్న లెక్క మాత్రం తరువాతి రాతల్లోనిది కాబట్టి దాన్ని నమ్మకంగా చెప్పలేము.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది పాలకులు చేసిన చికిత్స. ఒంట్లో రక్తం వేడెక్కడం వల్లే ఇలా జరుగుతోందని వైద్యులు చెప్పడంతో, తనివితీరా ఆడితే అదే తగ్గుతుందని తలచి, వృత్తి సంఘాల భవనాలనూ ధాన్యపు అంగడినీ ఖాళీ చేయించి, వేదిక కట్టించి, డప్పులు, పిల్లనగ్రోవులు వాయించేవారిని కూలికి పెట్టారు. పాదాలు పుండ్లుపడి నెత్తురోడుతున్నవారిని అందరి కళ్లెదుట ఆడించడంతో, చూడవచ్చినవారిలో మరికొందరికి అదే అవస్థ పట్టుకుంది. పొరపాటు తెలిసివచ్చాక సంగీతాన్ని నిషేధించి, బాధితులను బండ్లలో సావెర్న్ అనే ఊరి దగ్గరి, సెయింట్ వైటస్ అనే క్రైస్తవ సాధువు పుణ్యక్షేత్రానికి పంపారు. అక్కడ వారికి ఎర్రని చెప్పులు తొడిగి పూజలు జరిపించాక ఉద్ధృతి క్రమంగా తగ్గింది.

పూజతో తగ్గడంలోనే కారణం కొంత కనిపిస్తుంది. కోపం వస్తే సెయింట్ వైటస్ మనుషులను ఆగని నాట్యంతో శపిస్తాడని రైన్ నదీ తీరంలో జనం గట్టిగా నమ్మేవారు. 1374లో ఆకెన్, కొలోన్, లీజ్ నగరాలలోనూ ఇలాంటి ఉపద్రవమే చెలరేగింది. 1518 నాటికి వరుసగా పంటలు దెబ్బతిని, తిండి కరువై, రోగాలు ముసిరి, స్ట్రాస్‌బర్గ్ పేదలు దిక్కుతోచని స్థితిలో ఉన్నారు. అంతటి భయంలో ఉన్న మనసు తన్మయావస్థలోకి జారినప్పుడు ఒళ్లు ఏ రూపం ధరించాలో ఆ నమ్మకమే నిర్ణయించిందన్న చరిత్రకారుడు జాన్ వాలర్ వివరణ నాకు సబబుగా తోస్తుంది.

ఇక మీరు చదివిన ధాన్యం మాట. రై అనే ధాన్యపు గింజలకు పట్టే ఎర్గాట్ అనే బూజు విషమే. భ్రమలూ మూర్ఛలూ కలిగిస్తుంది. కానీ అది కాళ్లూ చేతుల్లోని రక్తనాళాలను బిగించేస్తుంది కాబట్టి, దాని బారిన పడినవారు రోజుల తరబడి నాట్యం చేయడం దాదాపు అసాధ్యం.

మతి తప్పడమన్న మాట స్ట్రాస్‌బర్గ్ వారి విషయంలో సరికాదు. ఇలాంటిదే మరో ఘటన చూడండి. 1962 జనవరి 30న, నాటి టాంగన్యీకాలోని (ఇప్పుడు టాంజానియాలో భాగం) కషాషా బాలికల పాఠశాలలో ముగ్గురు విద్యార్థినులు ఆపుకోలేని నవ్వుతో మొదలై ఏడుపులోకి జారారు. మార్చి 18న బడి మూసేనాటికి 159 మందిలో 95 మందికి అది సోకింది. పరీక్షల్లో విషం గానీ సూక్ష్మజీవి గానీ దొరకలేదు. ఉపాధ్యాయులకు ఎవరికీ రాలేదు. ఆ పిల్లలు నటించలేదు, వారికి పిచ్చీ పట్టలేదు. తీవ్రమైన ఒత్తిడి ఒకరిని చూసి మరొకరి శరీరంలో బయటపడింది. అందుకే ఇప్పటి వైద్యులు ఇలాంటప్పుడు ముందుగా విషాలూ అంటువ్యాధులూ లేవని నిర్ధారించుకొని, బాధితులను గుంపు నుంచి, చూసేవారి కళ్ల నుంచి దూరంగా తీసుకువెళ్లి, వారి బాధ నిజమేనని ఒప్పుకుంటూనే ధైర్యం చెబుతారు.