టో బార్ వైరింగ్ మనమే చేసుకోవచ్చా?

బ్రిటన్‌కి వచ్చి కాస్త కుదురుకున్నాక, ఇల్లు మారేటప్పుడో, పిల్లల సైకిళ్లన్నీ వేసుకుని సముద్రతీరానికి వెళ్దామనుకున్నప్పుడో, కారు వెనక ట్రైలరో సైకిల్ ర్యాకో తగిలించుకునే కడ్డీ, అదే టో బార్, ఒకటి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. బార్ ధర చూస్తే పెద్దగా భయం వేయదు. లేబర్ కలిపి గ్యారేజీలో చెప్పే మొత్తం వింటేనే గుండె గుభేలుమంటుంది. "బార్ బిగించడం నేను చూసుకుంటాను అన్నా, వైరింగ్ అంటే నాలుగు వైర్లు కలపడమే కదా?" అని అడిగే తమ్ముళ్లు ఏటా వేసవికి ముందు కనిపిస్తూనే ఉంటారు.

మీరే చేసుకోవచ్చు. ఓపిక, చేతి పనిముట్లు, ఒక వారాంతం ఖాళీ ఉంటే చాలామందికి చేతనయ్యే పనే. కాకపోతే ట్రైలర్ లైట్లు కారు లైట్లతో పాటు వెలిగేలా చేసే ఆ వైరింగ్ నాలుగు వైర్లు కలిపే పని కాదు. మిగుల్చుకుంటే లేబర్ మిగుల్చుకోండి, వైరింగ్ కిట్ దగ్గర మాత్రం మిగుల్చుకోవద్దు. ఎందుకంటారా, మీ కారు వెనక లైటు ఎలా వెలుగుతుందో చూస్తే తెలుస్తుంది.

పాత కార్లలో బ్రేక్ నొక్కితే స్విచ్ కలిసేది, 12 వోల్టుల కరెంటు వైరు గుండా పోయి బల్బు వెలిగేది. ఆ వైరుకి ఇంకో వైరు తగిలించి ట్రైలర్‌కి తీసుకుపోతే రెండూ వెలిగేవి. అంతకు మించి అందులో ఏమీ లేదు. మన దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్ రోడ్డు పక్కనే వైరు గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి పంపించడం మనందరం చూసిందే. ఆ కార్లకి అది సరిపోయింది.

ఇప్పటి కారులో బ్రేక్ నొక్కితే ఆ సంగతి ముందు ఒక కంప్యూటర్‌కి చేరుతుంది. దాన్ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు, క్లుప్తంగా బీసీఎం. లైటు వెలిగించేది అదే. ఒక్కో లైటు ఎంత కరెంటు తీసుకుంటోందో కొలుస్తూ ఉంటుంది. తక్కువ తీసుకుంటే బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు మీద చెబుతుంది. ఎక్కువ తీసుకుంటే ఎక్కడో షార్ట్ అయిందనుకుని ఆ లైను మూసేస్తుంది. చాలా కార్లలో టెయిల్ లైటు, బ్రేక్ లైటు ఒకే ఎల్‌ఈడీ, లేదా ఒకే బల్బు. టెయిల్ లైటుగా ఉన్నప్పుడు కరెంటుని సెకనుకి ఎన్నోసార్లు తెరిచి మూస్తుంటారు కాబట్టి మసకగా కనిపిస్తుంది. బ్రేక్ నొక్కగానే నిండుగా ఇస్తారు. అలాంటి వైరు మీద మల్టీమీటర్ పెడితే బ్యాటరీ వోల్టేజీ కనిపించదు, సగటున ఎంతో తక్కువ అంకె కనిపిస్తుంది. వైరు పాడైందేమో అని టెన్షన్ పడతారు. వైరు బాగానే ఉంది, దాని పద్ధతే అది. కొన్ని కార్లు స్టార్ట్ చేయగానే బల్బులున్నాయో లేదో చూసుకోవడానికి చిన్న చిన్న పల్సులు కూడా పంపిస్తాయి. మనకి తెలియవు గానీ ట్రైలర్‌కి ఎల్‌ఈడీ లైట్లుంటే ఆ పల్సులకి మినుకుమంటాయి.

ఇలాంటి వైరుకి ట్రైలర్ బల్బుల్ని నేరుగా తగిలిస్తే, అదృష్టం బాగుంటే డ్యాష్‌బోర్డు మీద వార్నింగుతో పోతుంది. బాగోకపోతే బీసీఎం లోపల ఆ లైటుని నడిపే భాగం కాలిపోతుంది. కొత్త బీసీఎం కొని పెట్టినంత మాత్రాన సరిపోదు, దాన్ని మీ కారు గుర్తించేలా కంప్యూటర్‌తో సెట్ చేయించాలి, దీన్నే కోడింగ్ అంటారు. కిట్ దగ్గర మిగిలిందనుకున్న డబ్బుకి ఎన్నో రెట్లు అక్కడ ఖర్చవుతుంది. వైరు తొక్క కోసుకుని లోపలికి దిగే నీలం రంగు క్లిప్పులు, స్కాచ్‌లాక్‌లంటారు, చవకగా దొరుకుతాయి. వెనక లైట్ల లూమ్ (వైర్ల కట్ట) మీద వాటిని వాడొద్దని గట్టిగా చెబుతాను. సన్నటి వైరులో పోగులు తెగుతాయి, ఇక్కడి తడి లోపలికి చేరి పచ్చగా తుప్పు పడుతుంది.

బజారులో దొరికే కిట్లు రెండు రకాలు. మొదటిది యూనివర్సల్ కిట్, అందులో బైపాస్ రిలే ఉంటుంది. రిలే మీ కారు లైటు వైరు నుంచి సంకేతం మాత్రమే తీసుకుంటుంది. ట్రైలర్‌కి కావాల్సిన కరెంటుని బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన వేరే వైరుతో తెచ్చుకుంటుంది. బీసీఎం మీద భారం పడదు. పదిహేనేళ్లు దాటిన మామూలు కారుకి, సైకిల్ ర్యాక్‌కి, చిన్న ట్రైలర్‌కి ఇది చాలు. కానీ వెనక ట్రైలర్ ఉందన్న సంగతి కారుకి తెలియదు. రివర్స్ గేరు వేయగానే పార్కింగ్ సెన్సర్లు కీచుమంటూనే ఉంటాయి. వెనక్కి వెళ్లేటప్పుడు తనంతట తానే బ్రేకు వేసే కారైతే, ట్రైలర్‌ని గోడ అనుకుని బ్రేకు వేస్తుంది.

రెండోది డెడికేటెడ్ కిట్. మీ మోడల్‌కి, మీ సంవత్సరానికి ప్రత్యేకంగా చేసింది. ఇందులో ట్రైలర్ మాడ్యూల్ ఉంటుంది. కారులోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే క్యాన్ బస్ అనే రెండు వైర్ల లైనుకి అది కలుస్తుంది. చాలా కిట్లలో వైరు కోసే పని తక్కువ, కంపెనీ కనెక్టర్ ఊడదీసి మధ్యలో దీన్ని కలపడమే. ప్లగ్ పెట్టగానే ట్రైలర్ వచ్చిందని కారుకి తెలుస్తుంది. అప్పుడు వెనక సెన్సర్లు ఆగిపోతాయి. కారు వెనక ఫాగ్ లైటు ఆరిపోయి ట్రైలర్ ఫాగ్ లైటు మాత్రమే వెలుగుతుంది, లేకపోతే ఆ ఎర్ర వెలుగు ట్రైలర్ ముందు గోడకి తగిలి మన అద్దాల్లోకే వస్తుంది. ట్రైలర్ ఇండికేటర్ బల్బు పోతే డ్యాష్‌బోర్డు చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది స్టెబిలిటీ ప్రోగ్రామ్. మోటార్‌వే మీద పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే, కారు ఇంజిన్ జోరు తగ్గించి, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి ఊపుని అణిచేస్తుంది. చాలా కార్లలో ఈ సౌకర్యం కంపెనీ నుంచే ఉంటుంది, ట్రైలర్ ఉందని తెలిస్తేనే పని చేస్తుంది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కారవాన్ లాగేవారు దీన్ని వదులుకోకూడదని నా అభిప్రాయం. ఈమధ్య కార్లకి డెడికేటెడ్ కిట్టే తీసుకోండి.

కిట్ కొనేముందు రెండు పనులు. ఒకటి, డోర్ ఫ్రేమ్ దగ్గరో బానెట్ కిందో ఉండే విన్ ప్లేటు, అంటే కారు గుర్తింపు నంబరు (విన్) రాసి ఉండే ప్లేటు చూడండి. మొదటి వరుసలో కారు మొత్తం బరువు పరిమితి, రెండో వరుసలో కారు, ట్రైలర్ కలిపిన పరిమితి ఉంటాయి. రెండో అంకె లేకపోయినా, సున్నా ఉన్నా ఆ కారు ట్రైలర్ లాగడానికి కాదు. కొన్ని ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల విషయం ఇంతే, వైరింగ్ ఎంత బాగా చేసినా మారదు. రెండు, మీ విన్ నంబరు చెప్పి డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో టోయింగ్ ప్రిపరేషన్ ఉందేమో అడగండి. కంపెనీ ముందుగానే వైరు లాగి డిక్కీ పక్కన ప్లగ్ వదిలిన కార్లు ఉంటాయి. అలా ఉంటే సగం పని అయిపోయినట్టే.

ట్రైలర్ ప్లగ్ గుచ్చే సాకెట్ 13 పిన్లది పెట్టుకోండి. పాత 7 పిన్ల సాకెట్‌లో రివర్స్ లైటు ఉండదు, కారవాన్ లోపలికి కరెంటు ఉండదు. 13 పిన్లలో మొదటి ఏడూ పాత లెక్కే: ఒకటి ఎడమ ఇండికేటర్ పసుపు, రెండు ఫాగ్ నీలం, మూడు ఎర్త్ తెలుపు, నాలుగు కుడి ఇండికేటర్ ఆకుపచ్చ, ఐదు కుడి టెయిల్ గోధుమ, ఆరు బ్రేక్ ఎరుపు, ఏడు ఎడమ టెయిల్ నలుపు. ఎనిమిది రివర్స్ లైటు. తొమ్మిదిలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, పదిలో ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఉండాలి, అది కారవాన్ ఫ్రిజ్‌కి. పదికి ఎర్త్ పదకొండు, తొమ్మిదికి ఎర్త్ పదమూడు. ఈ ఎర్త్‌లు వేర్వేరుగా ఎందుకని ఒక్కటిగా కలిపేసేవాళ్లున్నారు, కలపొద్దు. ఫ్రిజ్ లాగే కరెంటు లైట్ల ఎర్త్ గుండా పోతే ఇండికేటర్ వేసినప్పుడు టెయిల్ లైట్లు కూడా కొట్టుకుంటాయి. తొమ్మిది, పది, వాటి ఎర్త్‌లు, మూడో పిన్ ఎర్త్ 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం వైరుతో ఉండాలి.

పని మొదలుపెట్టేముందు తాళంచెవి కారుకి దూరంగా పెట్టి, కాసేపు ఆగి, ఆ తర్వాతే బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. కారు లాక్ చేశాక కూడా లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉన్న కారైతే ముందు డిక్కీ తెరిచి ఉంచండి, కరెంటు తీసేశాక లాక్ తెరుచుకోదు. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి వెళ్లొద్దు. నారింజ రంగు కేబుళ్లు హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల హై వోల్టేజీవి. మీ దారిలో అవి ఎదురైతే పని అక్కడితో ఆపి, తెలిసినవాళ్లకి అప్పజెప్పండి.

ఎక్కువ సమయం పట్టేది వైర్లు కలపడానికి కాదు, డిక్కీ పక్క ప్లాస్టిక్ ట్రిమ్ ఊడదీయడానికి. చలిలో ఆ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, వెచ్చగా ఉన్న రోజు చూసుకోండి. స్క్రూడ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పనిముట్లతో లేపండి. బ్యాటరీ ముందువైపు ఉంటే అక్కడి నుంచి వెనక్కి వచ్చే పవర్ వైరుని డోర్ కింద ట్రిమ్ లోపల, ఉన్న లూమ్ పక్కనే తీసుకురండి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టి, అన్నీ అయ్యాకే అందులో ఫ్యూజు గుచ్చండి.

కారు లోపలి నుంచి బయటి సాకెట్‌కి వైరు వెళ్లే చోటు మీద మనసు పెట్టండి. కొత్త రంధ్రం వేయకుండా, ఉన్న గ్రోమెట్‌ని, అంటే రంధ్రం అంచుకి ఉండే రబ్బరు వలయాన్ని, వాడుకోండి. వైరు బయటికి వచ్చాక ఒక చిన్న వంపు కిందికి వేలాడేలా వదిలితే, దాని వెంట జారే వాన నీరు ఆ వంపు దగ్గర చుక్కలుగా రాలిపోతుంది. ఆ వంపు లేకుండా తిన్నగా బిగిస్తే నీరు వైరు పట్టుకుని డిక్కీలోకి వస్తుంది, చాలా కార్లలో మాడ్యూల్ ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఈ దేశపు శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీరు సాకెట్‌ని తినేస్తుంది. సాకెట్ వెనక రబ్బరు సీల్ సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడండి. ఎర్త్ కోసం పెయింట్ గీకి స్క్రూ బిగించొద్దు, కంపెనీ ఇచ్చిన ఎర్త్ బోల్టునే వాడండి.

తర్వాత కోడింగ్. కిట్ కలిపినా, ట్రైలర్ మాడ్యూల్ ఉందని కారు జాబితాలో నమోదు చేస్తేనే చాలా కార్లు గుర్తిస్తాయి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా, సీట్ కార్లకి వీసీడీఎస్, ఓబీడీ ఎలెవెన్ లాంటి పరికరాలతో చాలామంది సొంతంగా చేసుకుంటారు. కానీ గోల్ఫ్ 8 తరం నుంచి ఎస్‌ఎఫ్‌డీ అనే డిజిటల్ తాళం ఉంది, అనుమతి లేకుండా మార్పులు రాయనివ్వదు. ఇంకొన్ని కంపెనీలకి డీలర్ ఆన్‌లైన్ సర్వరే దిక్కు. అందుకే కిట్ కొనకముందే కోడింగ్ ఎవరు చేస్తారో అడిగి తెలుసుకోండి. ఇంటికి వచ్చి కోడింగ్ ఒక్కటే చేసిపెట్టే మొబైల్ ఫిట్టర్లు ఉంటారు. ఆ ఒక్క పనికి డబ్బులివ్వడం దండగ కాదు.

టెస్ట్ చేసేటప్పుడు నిజమైన బల్బులున్న ట్రైలర్ పెట్టండి. చిన్న ఎల్‌ఈడీ టెస్టర్ తీసుకునే కరెంటు బొత్తిగా తక్కువ కాబట్టి కొన్ని మాడ్యూళ్లు ట్రైలర్‌ని గుర్తించవు, మీరేమో కిట్ పాడైందనుకుంటారు. ఇంట్లో ఒకరిని వెనక నిలబెట్టి ఒక్కొక్కటీ చెప్పించుకోండి. విడివిడిగా చూసి సరిపెట్టుకోవద్దు. టెయిల్, బ్రేక్, ఇండికేటర్ మూడూ ఒకేసారి వేసి చూడండి, ఎర్త్ బలహీనంగా ఉంటే అప్పుడే బయటపడుతుంది. రివర్స్ వేసి సెన్సర్లు ఆగాయో లేదో చూడండి. ప్లగ్ తీశాక అవి మళ్లీ పని చేస్తున్నాయో లేదో కూడా చూడాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

చట్టం సంగతి. 1998 ఆగస్టు 1 నుంచి వాడకంలోకి వచ్చిన కారుకి టైప్ అప్రూవల్ ఉన్న, అంటే ప్రమాణాల ప్రకారం పరీక్షించి ఆమోదించిన, టో బారే పెట్టాలి. ట్రైలర్ ఇండికేటర్లు పని చేస్తున్నాయని డ్రైవరుకి లైటుతోనో శబ్దంతోనో తెలియాలి. 13 పిన్ల సాకెట్ ఉంటే ఎంఓటీ అనే వాహన తనిఖీలో దానికి టెస్టర్ పెట్టి చూస్తారు. ట్రైలర్ వెనక, అలాగే సైకిల్ ర్యాక్ నంబరు ప్లేటుని కప్పేస్తే ర్యాక్ మీద, మీ కారు నంబరు ప్లేటే ఉండాలి. 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగవచ్చు, వేరే పరీక్ష అక్కర్లేదు. ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక 12 నెలలే చెల్లుతుంది, ఇక్కడి లైసెన్సు చేతికి వచ్చాకే ట్రైలర్ గురించి ఆలోచించండి. ట్రైలర్‌తో వేగం మోటార్‌వే, డ్యుయల్ క్యారేజ్‌వే మీద గంటకి 60 మైళ్లు, ఊళ్ల బయటి సింగిల్ క్యారేజ్‌వే రోడ్ల మీద 50. ఇన్సూరెన్స్ కంపెనీకి టో బార్ పెట్టించామని చెప్పి, వాళ్లిచ్చిన జవాబుని ఈమెయిల్‌లో దాచుకోండి.

కారవాన్ కొనే ఆలోచన ఉన్నవాళ్లకి ఇంకొక్క మాట. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఈమధ్య చాలా కార్లలో స్మార్ట్ రకంది ఉంటుంది. ఇంధనం ఆదా కోసం కారు నడుస్తుండగానే వోల్టేజీ తగ్గించేస్తుంది. పాత పద్ధతి రిలే దాన్ని చూసి ఇంజిన్ ఆగిందనుకుని కారవాన్ బ్యాటరీకి చార్జింగ్ ఆపేస్తుంది. అందుకని కారవాన్ వైపు డీసీ టు డీసీ చార్జర్, అంటే వచ్చే వోల్టేజీ తక్కువైనా బ్యాటరీకి సరిపడా పెంచి ఇచ్చే పరికరం, ఉందో లేదో అమ్మేవాళ్లని కొనేముందే అడగండి.