స్టేజీ వెనకాల కబుర్లు: ఏ వైరు ఏ రంగులో?

ప్రశ్న: బాబాయి గారూ, మాది రాజోలు దగ్గర పల్లె. నాకు ఇరవై మూడేళ్ళు. మా యూత్ కమిటీకి ఇన్నాళ్ళూ మైకు సెట్టు, లైట్లు అన్నీ అద్దెకే. ఈ దసరాకి తొమ్మిది రోజులూ ప్రోగ్రాములు పెడుతున్నాం. కనీసం ఎక్స్‌టెన్షన్ వైర్లయినా సొంతంగా చేయించుకుందామని చందాల్లోంచి కొంత పక్కన పెట్టాం. షాపులో నలుపు, తెలుపు, నారింజ, పసుపు, పచ్చ చూపించారు. మాలో ఒకడు నల్లవే కొనాలంటాడు. ఇంకొకడు చీకట్లో నల్ల వైరు కాలికి తగిలి పడతాం, నారింజ కొనండంటాడు. కోశాధికారి మాత్రం ఏది చవకైతే అదే అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. మీరే తేల్చండి.

జవాబు: ఇరవై మూడేళ్ళన్నావు కాబట్టి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. మీవాళ్ళిద్దరూ నిజమే చెప్పారు. ఒకడికి స్టేజీ మీది వైరు గుర్తొచ్చింది, ఇంకొకడికి జనం నడిచే దారిలో వైరు గుర్తొచ్చింది. అంతే తేడా. అన్నీ ఒకే రంగులో కొనాలని ఎవరన్నారు? కొనేముందు ఈ వైరు ఎవరి కంట పడాలి, ఎవరి కంట పడకూడదు అని ఒక్కసారి అడుక్కో. రంగు దానంతటదే తేలుతుంది.

స్టేజీ మీదికి నలుపే. మన వైపు స్టేజీ అంటే చెక్క బల్లలు, పైన తివాచీయో పట్టాయో, వెనకాల నల్ల తెర. అక్కడ మెరుపు లేని నల్ల రబ్బరు తొడుగు వైరు పరిచి, నల్ల గుడ్డ టేపు వేస్తే మూడో వరసలో కూర్చున్నవాడికి కూడా తెలియదు. మెరుపు లేనిది అని ఎందుకంటున్నానంటే, నున్నటి పీవీసీ నల్లదే అయినా ఫోకస్ పడగానే తళుక్కుమంటుంది. తెల్ల వైరు సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఊళ్ళో ప్రతివాడి చేతిలో ఫోనే కదా, తీసిన ప్రతి వీడియోలోనూ డ్యాన్సు చేసే పిల్లల కాళ్ళ దగ్గర ముగ్గు గీత గీసినట్టు కనపడుతుంది. నలుపుకి ఇంకో సుగుణం కూడా ఉంది. తొడుగులో కలిపే మసి ఎండ దెబ్బని కాచుకుంటుంది, అందుకే బయట వేసే కేబుళ్ళు ఎక్కువగా నల్లగా ఉంటాయి.

అలాగని నలుపుని గుడ్డిగా నమ్మకు. ఓసారి ముమ్మిడివరం వైపు పద్య నాటకానికి లైట్లు వేశాను. వైరు పరిచాను గానీ, తొందరలో ఓ నాలుగడుగుల మేర టేపు వెయ్యలేదు. సభ సీనులో ద్రౌపది వేషధారి ఎత్తుగడ అందుకుని రాగం తీస్తోంది. ఇంతలో వింగులో, అంటే స్టేజీ పక్క తెర చాటున ఉన్న మా కుర్రాడు ఫోకస్ సర్దబోయి వైరు లాగాడు. ఆవిడ పాదం పక్క నుంచి నల్లగా సర్రున జారింది. పాము అనుకుని ఒక్క గెంతు గెంతింది. హార్మోనిస్టు గట్టివాడు కాబట్టి శ్రుతి వదల్లేదు, ఆవిడా పద్యం వదల్లేదు. కానీ నాటకం అయ్యాక మేకప్ గదిలో నన్ను తిట్టిన తిట్లు ఏ నాటకంలోనూ లేవు. ఆ రోజు నుంచీ మూరెడు వైరు కూడా టేపు లేకుండా వదలను.

స్టేజీ దిగిన దగ్గర్నుంచి జనరేటరు దాకా, లేదా కరెంటు తీసుకునే చోటి దాకా పసుపు గానీ నారింజ గానీ కొను. రెండింట్లో నా ఓటు పసుపుకే. మసక వెలుతురులో నారింజ కన్నా పసుపే బాగా తెలుస్తుంది. పైగా మన నేల బురద ఆరితే గోధుమ రంగుకి తిరుగుతుంది, దాంట్లో నారింజ వైరు కాస్త మట్టి పట్టగానే కలిసిపోతుంది. పచ్చ వైరు మాత్రం ఎంత చవకైనా వద్దు. మన ప్రోగ్రాములు సగం కొబ్బరి తోటల పక్కనే. గడ్డిలో పడున్న పచ్చ వైరు కనపడక, కమ్మలు కొడుతున్న ఆసామి కత్తితో దాన్నీ కలిపి కొట్టాడు మా దగ్గర. అప్పటికి ఇంకా కరెంటు ఇవ్వలేదు, ఆయన అదృష్టం.

కనపడుతోంది, బాగాలేదు అని దారిలో వైరు మీద గడ్డీ, పట్టాలూ కప్పకు. కుర్చీ కాళ్ళు దాని మీదే పడతాయి, తొడుగు చిట్లినా నీకు తెలియదు, లోపల వేడి పోయే దారీ ఉండదు. దారికి అడ్డంగా పోవాల్సి వస్తే రాటలు పాతి పైనుంచి తీసుకెళ్ళు. ఎత్తు మాత్రం ఊరి పద్ధతి చూసుకుని పెట్టాలి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెదురుతో కట్టిన ఎత్తయిన ప్రభలు చేలకడ్డం పడి, కాలవ దిగి వస్తాయి. అలాంటి దారిలో మనిషి ఎత్తు లెక్కేసుకుని వైరు కడితే కుదరదు.

అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. స్టేజీ మీద లైటు మారితే వైరు రంగూ మారుతుంది. ఎల్‌ఈడీ పార్ లైట్లు, అదే స్టేజీ మీదికి రంగు వెలుతురు కొట్టే డబ్బా లైట్లు, నీలంలో పెట్టి చూడు, ఎర్ర టేపు నల్లగా కనపడుతుంది. ఎర్ర లైటులో ఎర్ర తివాచీ మీద ఎర్ర వైరు మాయమైపోతుంది. మేము కూడా మొదట్లో ఎర్ర టేపు చుట్టింది ఎడమ వింగు, పచ్చ టేపు చుట్టింది కుడి వింగు అని గుర్తులు పెట్టుకున్నాం. సీనుకీ సీనుకీ మధ్య నీలి వెలుతురులో వెతికితే రెండూ ఒకటే నలుపు. పైగా మా కుర్రాళ్ళలో ఒకడికి ఎరుపూ పచ్చా పగలే తేడా తెలియదని అప్పుడు బయటపడింది, పాపం వాడికీ అప్పుడే తెలిసింది. అందుకని ఇప్పుడు రంగులు మానేసి, తెల్ల టేపుతో రెండు కొసల్లోనూ కంకణాలు కడతాం. ఒక కంకణం అయిదు మీటర్లు, రెండయితే పది, మూడయితే పదిహేను. టేపుని నాలుగైదు చుట్లు మందంగా వేస్తే చీకట్లో బొటనవేలితో తడిమినా లెక్క తెలుస్తుంది.

మైకు వైర్లూ కరెంటు వైర్లూ రెండూ నల్లగానే ఉంటే మైకు వాటికి నీలం తొడుగువి కొనుక్కోండి. రెండింటినీ జంటగా పక్కపక్కన పరవద్దు, స్పీకర్లలో గుయ్యిమంటుంది. దాటాల్సిన చోట ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి.

ప్రశ్న: నమస్తే అండి. తణుకు దగ్గర మాకు చిన్న సప్లయర్స్ షాపు ఉంది. ఎర్ర వైరు ఎక్కువ లోడు లాగుతుంది, తెల్లది ఇంటి వాడకానికే అని ఒకాయన చెప్పాడు. రంగుని బట్టి లోడు తెలుస్తుందా?

జవాబు: తెలియదండి. పై తొడుగు రంగు చీర రంగు లాంటిది, లోపల ఎంత రాగి ఉందో అది చెప్పదు. వైరు ఒంటి మీద అచ్చు వేసి ఉంటుంది చూడండి, రాగి మందం ఎన్ని స్క్వేర్ ఎంఎం, లోపల ఎన్ని కోర్లు (విడివిడి తీగలు), ఐఎస్ఐ గుర్తు. లోడు సంగతి అక్కడ చదువుకోవాలి.

లెక్క చెబుతాను. పాత హాలోజెన్ పార్ లైటు వెయ్యి వాట్లది 230 వోల్టుల మీద 4.3 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు పెడితే 17 దాటింది, 16 ఆంపియర్ల ప్లగ్గు పని అక్కడితో సరి. ఇప్పటి ఎల్‌ఈడీ పార్ నూట యాభై, నూట అరవై వాట్లది ఒక ఆంపియరు కూడా లాగదు. అందుకని మెయిన్ లైన్లకి 2.5 స్క్వేర్, ఎల్‌ఈడీల కొమ్మలకి 1.5 స్క్వేర్ పెట్టుకోండి. ఒక స్క్వేర్ వైరు చవక అని ముప్పై మీటర్లు తెచ్చి పది ఆంపియర్లు లాగారనుకోండి, దారిలోనే 12 వోల్టుల దాకా పోతాయి. పోయినవి ఊరికే పోవు, వంద వాట్ల పైచిలుకు వేడిగా మారతాయి. ఆ వైరు విప్పకుండా చుట్టలాగే వదిలేస్తే, చుట్ట మధ్యలో పాత వంద వాట్ల బల్బు వెలిగించి పెట్టినట్టే. అయిదు మీటర్లే కావాలన్నా చుట్టంతా విప్పి పరవండి.

రంగు నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది లోపలి కోర్ల దగ్గర. మూడు కోర్ల వైరులో కొన్నింటికి ఎరుపు ఫేజు (కరెంటు వచ్చేది), నలుపు న్యూట్రల్ (తిరిగి వెళ్ళేది), పచ్చ ఎర్త్ (లీకైతే నేలకి పంపేది). ఇంకొన్నింటికి గోధుమ ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చా పసుపు చారలది ఎర్త్. ఇక జనరేటరు నుంచి వచ్చే త్రీ ఫేజు కేబుల్లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, నలుపు న్యూట్రల్. చూశారా, ఒక దాంట్లో న్యూట్రల్ అయిన నీలం ఇంకో దాంట్లో ఫేజు! ఒక పెళ్ళిలో మాతో వచ్చిన కుర్రాడు నీలం కదా, న్యూట్రలే అనుకుని దానికే బిగించాడు. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. యాంప్లిఫయరు టప్పుమంది, గుప్పున పొగ. సన్నాయి ఆపేసి పెళ్ళివారంతా మా వైపే చూస్తున్నారు. బాకీలో యాంప్లిఫయరు ధర పట్టుకున్నారు. న్యాయమే, నేను టెస్టరైనా పెట్టి చూడాల్సింది. అసలైతే మీటరుతో వోల్టులు కొలిచాకే బిగించాలి.

ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల్లో దూర్చే అలవాటు మీ షాపులో ఉంటే ఇవాళే మానిపించండి. మన డెల్టాలో నేల ఎప్పుడూ చెమ్మే, ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచుకి స్టేజీ బల్లలు తడిసి ముద్దవుతాయి, ఆర్టిస్టులేమో చెప్పులు లేని కాళ్ళు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టకుండా నేను మెయిన్ వెయ్యను.

ప్రశ్న: నేను పాలకొల్లులో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. వార్షికోత్సవం కల్యాణ మండపంలో. స్టేజీ అంతా తెల్ల టైల్సు. అందరూ నల్ల వైర్లే తెస్తున్నారు, ఫొటోల్లో అసహ్యంగా పడుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు తెల్ల వైరు తెమ్మనండి. నలుపు నల్ల నేల మీద దాక్కుంటుంది, తెల్ల టైల్సు మీద ఎలా దాక్కుంటుంది? తెల్లది దొరక్కపోతే లేత బూడిద రంగుదైనా పరవాలేదు. వేసే టేపు కూడా తెల్లదే ఉండాలి, అదీ గుడ్డ టేపే. ప్లాస్టిక్ టేపు నున్నటి టైల్సు మీద చెమటకి ఊడొస్తుంది, పిల్లల గజ్జెలకి చుట్టుకుంటుంది. అసలు నర్తనం జరిగే మేర వైరే లేకుండా చూసుకోండి. వెనక గోడ వారగా తిప్పి, నటరాజ విగ్రహం పెట్టే బల్ల వెనక నుంచి తెస్తే సరిపోతుంది. ఆ బల్ల మీద దీపం కుందె ఉంటుంది, నూనె ఒలుకుతుంది. వైరు బల్ల కాలికి జానెడు దూరంలో ఉండేలా మీరే ఒకసారి వెళ్ళి చూసుకోండి.