ఆగస్టు డిస్కౌంట్‌లో కలపని ఖర్చు

ప్రశ్న: మాది నల్గొండ పక్కన పల్లె. ఎనిమిదెకరాల బత్తాయి తోట ఉంది. నా భార్య ప్రభుత్వ టీచర్. అబ్బాయి ఈ ఏడు ఇంటర్ ఫస్టియర్‌లో చేరాడు, అమ్మాయి ఎనిమిదో తరగతి. మా పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తోంది. మా బామ్మర్ది కుటుంబంతో కలిసి మొత్తం ఎనిమిది మందిమి థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో యాట్ అనే విహార పడవ అద్దెకు తీసుకుని వారం రోజులు దీవులు తిరగాలని అనుకుంటున్నాం. హైదరాబాద్ ఏజెంట్ ఒకాయన పడవకు వారం అద్దె ఈ ఆగస్టులో అయితే 4 లక్షలు, డిసెంబర్ చివరి వారంలో అయితే 7.8 లక్షలు అంటున్నాడు. ఆగస్టు 15 సెలవు కలిసొస్తుందట, మాయా బే అనే తీరం కూడా చూపిస్తాడట. మాకు పంట డబ్బు సెప్టెంబర్‌కు గానీ చేతికి రాదు. అమ్మాయి చదువు కోసం దాచిన 5 లక్షల ఎఫ్‌డీ తీయాలా, 3 లక్షలు పర్సనల్ లోన్ పెట్టాలా? అసలు ఏ సీజన్ మంచిది? హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులైతే ఎలా ఉంటుంది?

జవాబు: ఎఫ్‌డీ తీయొద్దు, లోన్ వద్దు, ఆగస్టు అసలే వద్దు. డిసెంబర్ చివరి వారం కూడా మీకోసం కాదు. అలాగని యాత్ర మానుకోమని కాదు. వచ్చే ఏప్రిల్ ఆఖరి వారానికి పెట్టుకోండి, అదీ వారమంతా పడవలో కాకుండా. ఎందుకో చెబుతాను.

ముందు మీ తోట సంగతే తీసుకుందాం. బత్తాయికి సీజన్ అంటే కాయ విరగకాసే కాలం, అందుకే అప్పుడు టన్ను ధర పడిపోతుంది. సీజన్ కాని కత్తెర కాపు తక్కువే, కానీ ధర పలుకుతుంది. పడవ అద్దెల లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ పడవలు ఏడాది పొడవునా అవే, పెరిగేదీ తగ్గేదీ మనుషులు. సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు జనం ఎగబడతారు, ధర రెట్టింపవుతుంది. సముద్రం మొండికేసినప్పుడు ఎవరూ రారు, ధర దిగుతుంది. కాబట్టి ఆగస్టులో ఏజెంట్ చూపిస్తున్న తక్కువ ధర ఆయన దయ కాదు, వాన ధర.

ఆ వాన మనకు తెలియనిదేం కాదు. మృగశిర కార్తె వచ్చిందంటే మనం ఆకాశం వైపు చూసే ఆ నైరుతే మే మూడో వారం ప్రాంతంలో ముందుగా అండమాన్ సముద్రాన్ని తాకుతుంది. ఫుకెట్ ఉన్నది ఆ సముద్రానికే తూర్పు ఒడ్డున. మే నుంచి అక్టోబర్ దాకా పడమటి గాలి నేరుగా ఆ ఒడ్డుకే కొడుతుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గాలి ఈశాన్యం నుంచి, అంటే నేల మీదుగా వస్తుంది కాబట్టి నీళ్లు శాంతంగా ఉంటాయి. అక్కడి సిమిలన్ దీవుల జాతీయ పార్కును మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఏటా మూసేస్తారు. ఇక మీ ఏజెంట్ చూపిస్తానన్న మాయా బే ఆగస్టు 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఏటా మూత. తీరం కోలుకోవడానికి అక్కడి ప్రభుత్వం పెట్టుకున్న నియమం అది. మూసి ఉన్న చోటు చూపిస్తానన్న మనిషి మిగతా కొటేషన్ ఎంత జాగ్రత్తగా రాసుంటాడో మీరే ఆలోచించండి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆగస్టులో ఫుకెట్‌లో పడవలు పూర్తిగా ఆగిపోవు. ద్వీపానికి తూర్పున ఉన్న ఫాంగ్ న్గా అఖాతానికి చాటు ఉంటుంది. అక్కడ వానాకాలంలోనూ తిప్పుతారు, సున్నపురాయి కొండల మధ్య వానలో కూడా అందంగానే ఉంటుంది. ఒంటరిగా వెళ్లే కుర్రాడైతే వెళ్లమనేవాణ్ని. ఎనిమిది మందిని వెంటేసుకుని, జీవితంలో ఒకసారి అనుకుని వెళ్లేవాళ్లకు చెప్పను. కెప్టెన్ బయటికి తీయనంటే తీయడు, ఆ మాటకు తిరుగుండదు. వాన పడిందని, గాలి వీచిందని అద్దె వెనక్కివ్వడం పడవ అద్దె (చార్టర్) ఒప్పందాల్లో సాధారణంగా ఉండదు.

ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠమే. కొన్నేళ్ల కిందట జులైలో తక్కువకు దొరికిందని కుటుంబంతో అండమాన్ వెళ్లాను. హ్యావ్‌లాక్‌కు వెళ్లాల్సిన ఫెర్రీ రెండు రోజులు కదల్లేదు. పోర్ట్ బ్లెయిర్ హోటల్ గదిలో పేకాడుకుంటూ కూర్చున్నాం. హోటల్ బిల్లు మాత్రం రోజూ కదిలింది.

ఇప్పుడు అసలు లెక్క. మీ ఉత్తరం చూస్తే 4 లక్షలు రెండు కుటుంబాలకు పంచితే తలా 2 లక్షలు అనుకున్నట్టున్నారు. ఆ 4 లక్షలు పడవకు మాత్రమే. నడిపే స్కిప్పర్ రోజుకూలి, ఆయన తిండి, డీజిల్, మీ వంట సరుకులు, పార్కు రుసుములు, చివర్లో సిబ్బందికి ఇచ్చే టిప్పు, ఇవి కొటేషన్‌లో ఉన్నాయో లేవో మీరు రాయలేదు, బహుశా అడగలేదు. లేకపోతే వీటికి కనీసం 30 శాతం వేసుకోండి. అంటే 5.2 లక్షలు, మీ వాటా 2.6. నలుగురికి విమాన టికెట్లు తలకు 25 వేల చొప్పున లక్ష. ఇన్సూరెన్స్, వెళ్లేటప్పుడు వచ్చేటప్పుడు ఒక్కో రాత్రి హోటల్, చేతి ఖర్చులు కలిపి 40 వేలు. మొత్తం 4 లక్షలు. మీరు అనుకున్నదానికి సరిగ్గా రెట్టింపు, అదీ వానలో తడవడానికి.

లోన్ సంగతి. 3 లక్షలు 15 శాతం వడ్డీకి రెండేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు సుమారు 14,550 కిస్తీ, మొత్తమ్మీద 49 వేల దాకా వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు వేరే. యాత్ర ఫొటోలు పాతబడ్డాక కూడా కిస్తీ కట్టాలి. ఇక ఎఫ్‌డీ మీది కాదు, మీ అమ్మాయిది. సెప్టెంబర్‌లో పంట డబ్బు రాగానే మళ్లీ వేసేస్తానంటారు. ముప్పై ఏళ్లుగా ఈ మాట చాలామంది నోట విన్నాను. మళ్లీ వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి ఏ సీజన్? అసలు ఈ ప్రశ్న రాగానే అందరూ వాన ఎప్పుడు లేదో చూస్తారు. నేను నాలుగు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూస్తాను: సముద్రానిది, పిల్లల చదువుది, మీ చేతికి డబ్బు వచ్చేది, మిగతా ప్రపంచం సెలవులకు బయల్దేరేది. ఆఖరిది ఎందుకంటే ధర నిర్ణయించేది అదే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఫుకెట్‌లో సముద్రం బంగారమే, కానీ అప్పుడు యూరప్ అంతా అక్కడే ఉంటుంది. అదే సముద్రం జనవరి మూడో వారంలోనూ అంతే బాగుంటుంది, రద్దీ కాస్త తగ్గుతుంది. ఒక్క సముద్రాన్నే చూస్తే ఫిబ్రవరి దివ్యంగా ఉంటుంది. కానీ మీ వాడికి ఫిబ్రవరి, మార్చి అంటే ప్రాక్టికల్స్, పరీక్షలు. మీ ఆవిడకు జనవరిలోనూ, ఫిబ్రవరిలోనూ బడి. ఆ తలుపు మూసుకుంది.

మిగిలింది ఏప్రిల్ ఆఖరి వారం. మన బడులకు వేసవి సెలవులు అప్పటికి మొదలవుతాయి. థాయిలాండ్ కొత్త సంవత్సరం సాంగ్‌క్రాన్ ఏప్రిల్ 13 నుంచి 15 దాకా, ఆ హడావుడి కూడా అయిపోతుంది. నైరుతి ఇంకా రాదు. ఎండ ఉంటుంది, సాయంత్రం ఒక ఉరుము వాన పడొచ్చు. నల్గొండ ఏప్రిల్ తట్టుకున్నవాళ్లకు ఆ ఎండ పెద్ద లెక్క కాదు, ఉక్క మాత్రం ఎక్కువ. ధర డిసెంబర్ కంటే బాగా కిందే ఉండాలి. మీ ఏజెంట్‌ను ఆ వారానికి మూడో కొటేషన్ అడగండి, అదే పడవకు. ఇంకో సంగతి: వచ్చే ఏప్రిల్ తప్పితే ఆ పై ఏడు మీ వాడు సెకండియర్, ఏప్రిల్ ఆఖరు, మే మొదలు అంటే ఎప్‌సెట్. అప్పుడు ఇంట్లో ఎవరూ పడవ మాట ఎత్తరు.

వారమంతా పడవలో వద్దనడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. మీలో ఎవరికైనా అలల మీద పడుకున్న అలవాటుందా? వెళ్లేముందు ఒక ఆదివారం ఎనిమిది మందీ సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ వెళ్లి రండి. కృష్ణ నీళ్లు సముద్రం కాదు, నిజమే. కానీ అక్కడే ఎవరికైనా కడుపులో తిప్పితే అండమాన్ సముద్రంలో ఏడు రాత్రులు ఎలా గడుస్తాయో తెలిసిపోతుంది. నాలుగు రాత్రులు ఒడ్డున హోటల్, రెండు రాత్రులు పడవ, మొదటిసారికి ఇది చాలు. పడవ కాటమరాన్ అయితే మేలు. నీళ్ల మీద తేలే పొట్టలు పక్కపక్కన రెండు ఉంటాయి కాబట్టి ఊగడం తక్కువ. పేరు మన పక్కింటిదే, తమిళ కట్టుమరం సముద్రాలు దాటి తిరిగొచ్చింది. నాలుగు గదుల కాటమరాన్‌లో ఎనిమిది మంది పడతారని చెబుతారు. స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడో అడగండి. ఆయనకు ముందు భాగంలో వేరే చోటు లేకపోతే మీ నాలుగు గదుల్లో ఒకటి ఆయనదే, అప్పుడు మీ బామ్మర్ది పిల్లలు హాల్లో పడుకోవాలి.

ఈ లెక్కన ఖర్చు: రెండు రాత్రుల పడవ 2 లక్షలకు మించకుండా బేరమాడితే, పై ఖర్చులు 30 శాతం కలిపి 2.6, మీ వాటా 1.3 లక్షలు. టికెట్లు లక్ష. హోటల్ రెండు గదులు నాలుగు రాత్రులకు 60 వేలు. తిండి, తిరుగుడు, ఇన్సూరెన్స్ ఇంకో 60 వేలు. మొత్తం 3.5 లక్షలు. రూపాయి జారితే ఆదుకోవడానికి 10 శాతం పక్కన పెడితే 3.85 లక్షలు. ఇందులో 2 లక్షలు సెప్టెంబర్ పంట డబ్బు నుంచి, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చిన వెంటనే, కావాలన్నప్పుడు తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోగానీ ఆరు నెలల ఎఫ్‌డీలోగానీ వేయండి. మీ ఆవిడ జీతం నుంచి ఆగస్టు మొదలు మార్చి దాకా నెలకు 20 వేలు ఆర్‌డీ కడితే 1.6 లక్షలు, వడ్డీ అదనం. మిగిలే 25 వేలకే కత్తెర కాపు మీద ఆధారపడండి. అది బాగా పలికితే మంచిదే, పలకకపోయినా యాత్ర ఆగదు. ఎనిమిది నెలల్లో కావాల్సిన డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి. బామ్మర్ది వాటా ఆయన ఖాతా నుంచే, ఆయన పాన్ మీదే కట్టించండి. యాత్ర కోసం వేసిన లెక్కలు తర్వాత పండగ పూట గొడవలు కాకూడదు.

ఏజెంట్ ప్యాకేజీగా అమ్మితే టీసీఎస్, అంటే బిల్లుతో పాటే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు. దాని రేటును బడ్జెట్లలో మారుస్తూ వస్తున్నారు కాబట్టి కట్టే రోజున ఎంతో బిల్లు మీద విడిగా రాయించుకోండి. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ ఖాతాలో కనపడుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. అందుకే పన్ను కట్టే మీ ఆవిడ పాన్ మీద బిల్లు తీసుకోండి. వ్యవసాయ ఆదాయం తప్ప వేరే ఏమీ లేని మీ పేరు మీద తీసుకుంటే రీఫండ్ కోసమే రిటర్న్ వేయాలి. మీరే నేరుగా పడవ కంపెనీకి బ్యాంకు ద్వారా పంపితే, 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషికి ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ ఉండదు. అక్కడ కార్డు గీకితే చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం అదనపు రుసుము (మార్కప్), దాని మీద జీఎస్టీ వేస్తాయి. డిపాజిట్ కోసం కార్డులో కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, లిమిట్ చూసుకుని వెళ్లండి.

సీషెల్స్ గురించి కూడా చివర్లో ఒక లైన్ రాశారు. నన్నడిగితే పడవలో వారం గడపాల్సిన చోటు అదే. ప్రధాన దీవులు తుఫాన్ల దారికి బయట ఉన్నాయి, మాహే, ప్రాలిన్, లా డీగ్ దగ్గరదగ్గరగా ఉంటాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయం గాలి గట్టిగా వీస్తుంది. తెరచాప తెలిసినవాళ్లకు అది పండగ, మనకు వాంతులు. గాలి మారే ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో నీళ్లు అద్దంలా ఉంటాయి. అక్టోబర్ అంటే మీకు సీజన్ పంట డబ్బు చేతిలో ఉంటుంది, దసరా సెలవులూ కలుస్తాయి. సద్దుల బతుకమ్మ వదిలి రావడానికి మీ ఆవిడ ఒప్పుకుంటేనే సుమా. కానీ ఖర్చు ఒక్కో కుటుంబానికి 6 లక్షల మాట. మీ వాడు ఇంజినీరింగ్‌లో చేరిన తర్వాతి దసరాకు పెట్టుకుని ఏటా 2 లక్షలు వేరే ఖాతాలో వేసుకోండి, దాని గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రస్తుతానికి ఆగస్టు కొటేషన్‌కు అడ్వాన్స్ కట్టకండి. పిల్లల పాస్‌పోర్టులు సాధారణంగా అయిదేళ్లకే అయిపోతాయి, ఏప్రిల్ నాటికి ఇంకా ఆరు నెలలకు పైగా గడువు ఉండేలా చూసుకోండి. మీ ఆవిడ ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశానికి వెళ్లాలంటే శాఖ అనుమతి కావాలి. ఆ ఫైలు మన పడవ కంటే నెమ్మదిగా కదులుతుంది, దరఖాస్తు సంక్రాంతి లోపే హెడ్మాస్టర్ చేతికి ఇవ్వమనండి.