విగ్గు తీసి చూపించమని అడుగు

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి, "నీ పిచ్చి దానికీ అంటుకుంది, ఆదివారం పాత బొమ్మల షాపుకి వెళ్తుందట" అంది. ఫోన్ పెట్టేశాక కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత టెన్షన్ మొదలైంది. నీకూ నాలాగే మొహమాటం ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

పగలే వెళ్ళు. ఉంగరాలు తీసెయ్. అడక్కుండా ఏదీ ఎత్తకు. ఎత్తితే పసిపాపను ఎత్తుకున్నట్టు తల కింద చెయ్యి పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను మొదట కొన్నది జర్మన్ బిస్క్ బొమ్మ. బిస్క్ అంటే పైన మెరుపుపూత వెయ్యని పింగాణీ, అందుకే చూడ్డానికి చర్మంలా ఉంటుంది. మెడ వెనక 'ఏ ఎం 390' అనీ, జర్మనీ అనీ ఉంది. ఏ ఎం అంటే అర్మాండ్ మార్సెయ్ కంపెనీ. అమెరికా వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలని 1891లో రూలొచ్చింది కాబట్టి, బొమ్మ ఆ తర్వాతిదే అయ్యుంటుందని లెక్కేశాను. ఆ రెండు ముక్కలు తెలిసేసరికి నాకంతా వచ్చేసిందనుకున్నాను. 390 అనేది బోలెడన్ని బొమ్మలు పోసిన మామూలు అచ్చు నంబరేనని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. షాపాయన పెద్దాయన. గౌను కుచ్చులు సవరించి మరీ ఓపిగ్గా చూపించాడు. విగ్గు తీసి చూపించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అంత మర్యాదగా చూపిస్తున్న మనిషిని అనుమానించినట్టు ఉంటుందేమోనని మింగేశాను.

ఆ రాత్రి లైట్లు ఆర్పి విగ్గు మెల్లగా లేపాను. నెత్తిన అట్టముక్క మూతలా ఉంటుంది, అది తీసి తలలోకి చిన్న టార్చి పెట్టాను. ముఖమంతా గులాబీ రంగులో వెలిగిపోయింది. ఎంత బాగుందో! ఆ వెలుగులోనే ఎడమ కనుబొమ పైనుంచి చెవి వెనక్కి ఒక నల్లటి గీత. వేలితో తడిమినా తెలియని పగులు. పైన ఎవరో రంగు అద్దారు కూడా. పొద్దున్నే వెళ్ళి అడగాల్సింది. అక్కడా మొహమాటమే. ఆయనకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మీ పెదనాన్నకి రెండేళ్ళు చెప్పలేదు.

నువ్వు మాత్రం అడుగు. విగ్గు జిగురుతో అంటుకుపోయి ఉంటే లాగకు. పగులుంటే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాయించుకో. రాయనంటే నవ్వుతూ బయటికి వచ్చెయ్.

బార్బీ కావాలన్నావట. నడుము కింద 1966 అని కనబడగానే ఎగిరి గంతెయ్యకు. అది బొమ్మ శరీరం పోసే అచ్చుకి వేసిన సంవత్సరం, అదే అంకెతో దశాబ్దాల పాటు బొమ్మలొచ్చాయి. పాతదైతే చెవిపోగుల చుట్టూ ఆకుపచ్చ మరక ఉందేమో చూడు. పోగుల్లోని లోహం వల్ల వినైల్, అంటే ఆ బొమ్మ ప్లాస్టిక్, అలా అవుతుంది, తుడిస్తే పోదు.

సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మ ఎంత ముద్దొచ్చినా వదిలెయ్. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మీ అమ్మ నా భయానికి నవ్వుతుంది, నవ్వనీ.

కళ్ళు మూసి తెరిచే బొమ్మైతే తెచ్చేటప్పుడు బోర్లా పడుకోబెట్టు. వెల్లకిలా ఉంటే కళ్ళు ఊడి లోపల పడొచ్చు. ఎండలో కారులో వదిలేసి ఎక్కడికీ పోకు, చెప్తున్నా.

ఆ పగుళ్ళ బొమ్మ ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆరేళ్ళప్పుడు దాని జుట్టు దువ్వుతానని నువ్వు పేచీ పెడితే గట్టిగా కసిరాను, గుర్తుందా? విగ్గు ఊడొచ్చి నా తెలివితక్కువతనం నీ ముందు బయటపడుతుందేమోనని భయం. ఆ పూటంతా నువ్వు నాతో మాట్లాడలేదు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్. ఏమీ కొనకపోయినా చెయ్. ఈసారి ఇంటికొచ్చినప్పుడు టార్చి నీ చేతికే ఇస్తాను.

మీ పెద్దమ్మ