కొర్రల యూనిట్: 5 టన్నుల నుంచి 50కి వెళ్లాలా?

12 మంది అక్కలతో ఏడాదికి 5 టన్నుల కొర్రబియ్యం అమ్ముతున్నామని, వచ్చే ఏడాదికి 50 టన్నులు లక్ష్యం పెట్టుకోవచ్చా అని అడిగారు. ఇంట్లో వాళ్లు ఉన్నది చాలంటున్నారని కూడా రాశారు. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. ఇదే లెక్క నేనూ వేసుకున్నాను కాబట్టి చెప్తున్నాను.

మా కొర్రల యూనిట్ పెట్టిన మూడో ఏడు 4 టన్నుల నుంచి ఒకేసారి 40 అనుకున్నా. బెంగళూరు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. అప్పు చేసి కొర్రలు కొని, మొత్తం పొట్టు తీయించేశాం. వాళ్లు సగం తీసుకుని మిగతాది తర్వాత అన్నారు. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి చెడవు. పొట్టు తీశాక అలా కాదు, తవుడులో నూనె ఉంటుంది కదా, కొన్ని నెలలకే ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. డబ్బు 4 నెలలు ఆగింది. చాట పట్టి రాళ్లు ఏరిన అక్కలకు కూలి ఇవ్వలేక వాళ్ల వీధిలోకి వెళ్లడం మానేశాను. ఇప్పుడు తలుచుకున్నా బాధే.

అప్పుడే మా సంఘంలో ఒక పెద్దామె అడిగింది: "ఇన్ని టన్నులు అమ్మితే మన ఊళ్లో ఏం మారుతుంది పాపా?" నా దగ్గర జవాబు లేదు.

మా ఎర్రనేలల్లో ఎక్కువమంది వేసేది బుడ్డలే, అంటే వేరుశనగ. వాన లేకపోతే పెట్టుబడి పోతుంది, ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కుతారు. మారాల్సింది ఇదే అనుకుని లక్ష్యం తిరగరాశాం: 5 ఏళ్లలో చుట్టుపక్కల 10 ఊళ్లలో ప్రతి సభ్యురాలి పొలంలో ఒక ఎకరమైనా కొర్ర, విత్తకముందే ధర ఖాయం. ఇది 40 టన్నుల కన్నా పెద్ద మాటే. అయినా టెన్షన్ తగ్గింది, ఏ ఊరి సంఘం పని ఆ ఊరే చూసుకుంటోంది. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది రకం 70–75 రోజుల్లో కోతకొస్తుంది, ఆ విత్తనం ఇప్పుడు ఊరి నుంచి ఊరికి పోతోంది.

పొట్టుతోనే నిల్వ పెడతాం, అడ్వాన్సు చేతికొచ్చాకే ఆడిస్తాం. మీ ఇంట్లో వాళ్ల భయం బహుశా అప్పు గురించి అయ్యుంటుంది, ఈ పద్ధతి వివరించి చూడండి.

చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో నడిచే ధరణి సహకార సంఘం ఉంది, అందులో రైతులే సభ్యులు. 50 అనే అంకె రాసుకునే ముందు ఒకసారి వెళ్లి చూడండి. మీరొక్కరే వద్దు, ఆ 12 మందినీ వెంట తీసుకెళ్లండి.